పొట్ట బిగబట్టని కొలత

మెడలో టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. అందుకే వీధంతా టేపమ్మ అంటుంది.

నలభై ఏళ్ళుగా ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుని ఆవిడ తెలుసుకున్నది ఒక్కటే: మనిషన్నవాడు కొలత ఇచ్చేటప్పుడు అబద్ధమాడతాడు. టేపు నడుము చుట్టూ తిరిగిందో లేదో, పొట్ట వెళ్ళి వెన్నుకి అంటుకుంటుంది. అలాంటివాళ్ళని "ఈ మధ్య చిక్కినట్టున్నావే?" అని అడుగుతుంది. వాళ్ళు మురిసిపోయి జవాబు చెప్పేలోగా ఊపిరి జారి, పొట్ట దాని చోటికి అదే వచ్చేస్తుంది. అప్పుడు రాసుకుంటుంది. ఆవిడ కుట్టిన చొక్కా బిగువైందని వెనక్కి తెచ్చినవాడు లేడు. తెచ్చినా ఒప్పుకునే మనిషి కాదనుకోండి.

ఒక ఆదివారం పొద్దున కొడుకు బీమా ఏజెంటుని వెంటబెట్టుకొచ్చాడు. కొడుకుది పెద్ద పెద్ద మేడలు శుభ్రం చేసే పని. వాడి నాలుగేళ్ళ కూతురు ఒక్కచోట నిలవదు, అందుకని దాన్ని ఇంట్లో బొంగరం అంటారు. బొంగరం పేర పాలసీ తీసుకోవాలని వాడి ముచ్చట.

ఏజెంటు బట్టలు కత్తిరించే బల్ల మీద కాగితాలు పరిచాడు.

"ఎవరి ప్రాణం మీద రాస్తావు నాయనా?" అంది టేపమ్మ.

"పాప మీదే పెద్దమ్మగారూ."

"అంటే పిల్లకేమన్నా అయితే డబ్బు మాకొస్తుంది. అంతేనా?"

"అలా అనకూడదు గానీ... అంతే."

"ఆ డబ్బు పెట్టుకుని నేనెవరికి గౌను కుట్టను?"

ఏజెంటు మంచినీళ్ళడిగాడు.

"చెట్టుకి కట్టాల్సిన కంచె కాయకి కడతానంటావేం? పిల్ల నోట్లోకి ముద్ద వెళ్ళేది వీడి రెక్కల మీంచి. వీడి మీద రాయి."

"నా మీద ఎందుకమ్మా," అన్నాడు కొడుకు. "కీడుని నోరారా పిలిచినట్టుంటుంది."

"పిల్ల మీద రాస్తే పిలిచినట్టు కాదేం?"

ఏజెంటు మరో కాగితం తీశాడు. తండ్రికేదైనా జరిగితే మిగతా వాయిదాలు కంపెనీయే కట్టుకుని, పిల్ల పెద్దయ్యాక డబ్బు చేతికిచ్చే పాలసీ అది. కొడుకు గబగబా గళ్ళు నింపాడు.

టేపమ్మ చదువు మూడో తరగతితో ఆగింది. అక్షరాలు కూడబలుక్కుంటుంది గానీ ఒక్కటీ వదలదు. 'చేసే పని' అన్న గడి దగ్గర ఆవిడ వేలు ఆగింది. 'లోపలి గదులు తుడవడం' అని ఉంది.

తాడు మీద వేలాడుతూ బయటి అద్దాలు తుడిచే పని మానేసి లోపలికి మారానని ఆరు నెలల కిందట వాడే చెప్పాడు. అప్పటినుంచే కోడలికి కంటినిండా నిద్ర. టేపమ్మ మాత్రం నమ్మలేదు. నేల తుడిచేవాడికి ప్యాంటు మోకాళ్ళ దగ్గర అరుగుతుంది. వీడివి తొడల చుట్టూ అరుగుతున్నాయి, తాడుకి వేలాడేవాళ్ళు తొడలకి కట్టుకునే బెల్టు బిగించినంత మేరా. కోడలి నిద్ర చూసి ఇన్నాళ్ళూ నోరు కట్టుకుంది.

"లేచి నిలబడు," అంది.

వాడి నడుముకి టేపు చుట్టింది. పొట్ట లోపలికి పోయింది.

"ఊపిరి వదులు."

"అమ్మా, ఎదురుగా ఆయనున్నాడు."

"ఆయనకీ ఉంది పొట్ట. వదులు."

వదిలాడు.

"ఇప్పుడు చెప్పు. ఎన్నో అంతస్తు దగ్గర వేలాడుతున్నావు?"

వంటింటి గుమ్మంలో కోడలి చేతిలో గిన్నె ఆగిపోయింది.

"ఇరవై రెండు," అన్నాడు వాడు నేల చూస్తూ. "లోపలి పని జీతం చాలదమ్మా. నిజం చెప్తే ఇది పడుకోదు."

"పొట్ట బిగబట్టి కుట్టించుకున్న చొక్కా పస్తున్న రోజు బాగానే ఉంటుందిరా. తిన్న రోజే గుండీ తెగుతుంది. రేపేదన్నా అయితే ఈ కాగితం పట్టుకుని తిరిగేది నీ పెళ్ళాం. 'తాడు సంగతి రాయలేదుగా, పోమ్మా' అంటే పిల్లకి మిగిలేదేంటి? నీ అందమైన దస్తూరీ."

"నిజం రాస్తే వాయిదా పెరుగుతుందండీ," అన్నాడు ఏజెంటు.

"పెరగనీ. లావుపాటివాడికి గుడ్డ ఎక్కువే పడుతుంది. నేనింకా కళ్ళజోడు లేకుండానే సూదిలో దారం ఎక్కిస్తున్నాను."

కోడలు గిన్నె దించి వచ్చింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు.

"కొత్త కాగితం ఉందా అన్నయ్యా?" అని అడిగి తీసుకుని మొగుడి ముందు పెట్టింది. "తాడని రాయి. అంతస్తు కూడా రాయి. నా నిద్ర సంగతి నేను చూసుకుంటాను. నాతో ఇంకోసారి అబద్ధమాడావంటే నీ సంగతీ చూస్తాను."

వాడు రాశాడు. టేపమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని, తలాడించి, ఏజెంటు చొక్కా వైపు చూసింది.

"ఎవరు కుట్టారు అది? గుండీలు ప్రాణాలు పట్టుకుని వేలాడుతున్నాయి. వచ్చేవారం రా. ఊపిరి వదిలేసి రా."

నెల తిరక్కుండా పాలసీ వచ్చింది, వాయిదా కాస్త పెరిగి. టేపమ్మ దాన్ని ముందు 'తాడు' అన్న మాట దగ్గర వేలు పెట్టి చూసి, తర్వాతే పెట్టెలో పెట్టింది. ఇప్పుడు కొడుకు ప్యాంట్లన్నిటికీ తొడల దగ్గర లోపల ఇంకో పొర గుడ్డ వేసి కుడుతోంది. పైకి కనిపించదు. ఉందని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు.