హెడ్మాస్టరు గదిలో కమోడ్

పెనుకొండ నుంచి రొద్దం పోయే దారిలో ఒక పల్లె హైస్కూల్లో నేను తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ప్లంబింగు నేర్పిస్తాను. ఈ మాట చెబితే ఎదుటివాళ్లు తప్పకుండా ఇంకోసారి చెప్పించుకుంటారు. ఆడమనిషి ప్లంబింగు నేర్పించడం కొందరికి వింత. బళ్లో ప్లంబింగు ఉండడమే కొందరికి వింత. నేను హిందూపురంలో పుట్టి, అక్కడే మెకానికల్ డిప్లొమా చదివి, పెళ్లయ్యాక ధర్మవరం వచ్చాను. కొత్తలో మా అత్త వీధిలో అందరికీ నన్ను సైన్సు టీచరని చెప్పుకుంది. పక్కింటి కొళాయి విరిగి నీళ్లు వీధిన పడిన రోజు మాత్రం తానే గడపలో నిలబడి, "ఏమ్మా, నీ సైన్సు సంచి తీసుకోని బిన్నె రా" అని తొందరపెడుతూ కేక వేసింది.

నేను చేరేసరికి ఆ బడికి కోర్సు వచ్చింది గానీ సామాను రాలేదు. కొన్ని నెలల పాటు నల్లబల్ల మీద పైపులు గీశాను. వంపులు, వాల్వులు అన్నీ బొమ్మలే. పిల్లలు వాటిని చూసి గీసుకున్నారు. ఒకడు రంగు పెన్సిలుతో లోపల నీళ్లు కూడా గీశాడు. ఆ ఏడాది మా పైపుల్లో పారిన నీళ్లు అవే.

తర్వాత ఒక మధ్యాహ్నం లారీ వచ్చింది. పైపు రెంచీలు, రంపాలు, వాలు చూసే రసమట్టం, ప్లాస్టిక్ పైపుల కట్టలు దిగాయి. చివర ఇద్దరు మోసుకొచ్చిన అట్టపెట్టె విప్పితే అందులో తెల్లగా మెరిసిపోతూ ఒక వెస్టర్న్ కమోడ్, దాని నెత్తిన నీళ్ల ట్యాంకు, పైన మూత. పిల్లలు చుట్టూ మూగి చూశారు. చాలామంది అలాంటిదాన్ని చూడడం అదే మొదటిసారి.

దాన్ని పెట్టడానికి చోటు లేదు. మాకిచ్చిన ల్యాబు గదికి తలుపు చెదలు తినేసింది. హెడ్మాస్టరుగారు గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించారు.

"తలుపు లేని రూములో పెడితే ఎవరన్నా ఎత్తుకోని పోతారు మేడమ్."

"ఇంత బరువు ఎవరు మోస్తారు సార్?"

"ఎత్తుకోని పోతే పోలీసు కంప్లయింటన్నా ఇస్తాము. ఎత్తుకోని పోకుండా ఆడనే వాడుకుంటే ఎవరికి చెప్పుకుందాం?"

బడి మొత్తంలో గట్టి తాళం ఉన్నది ఆయన గదికే. అందుకని కమోడ్ ఆయన గదిలోకి, బీరువాకూ గ్లోబుకూ మధ్యకు చేరింది. డ్రాయింగు మాస్టారు వచ్చి, ట్యాంకు మీద ఎర్రరంగుతో 'ప్రభుత్వ సొత్తు, వొకేషనల్ ల్యాబ్' అని అందంగా రాసిపోయారు.

అప్పటి నుంచి మా ప్రాక్టికల్ క్లాసులు హెడ్మాస్టరు గదిలోనే. పిల్లలు వరసగా "మే ఐ కమిన్ సార్" అని లోపలికి వచ్చి, కింద కూర్చుని ట్యాంకు విప్పేవాళ్లు, బిగించేవాళ్లు. ఆయన బల్ల దగ్గర సంతకాలు పెట్టుకుంటూనే ఓరకంట చూసేవారు. కొన్నాళ్లకు తల ఎత్తకుండానే, "ఏమబ్బా, ఆ వాషరు తిరగేసి పెట్టినావు చూడు" అనడం మొదలుపెట్టారు. ఇబ్బంది అంతా బయటివాళ్లతోనే. పిల్లవాడికి టీసీ కోసం వచ్చిన ఒక పెద్దాయన గదిలోకి తొంగి చూసి, చటుక్కున వెనక్కి తిరిగి, సారు బయటికి వచ్చేదాకా వరండాలోనే నిలబడ్డాడు. ఎంత పిలిచినా లోపలికి రాలేదు. ఆ రోజే హెడ్మాస్టరుగారు ఇంటి నుంచి పూల దుప్పటి తెచ్చి దాని మీద కప్పారు.

ఆయుధ పూజ వచ్చింది. పనిముట్లన్నీ కడిగి బల్ల మీద పేర్చాం. అప్పుడు పిల్లల్లో గొడవ లేచింది, కమోడ్‌కు బొట్టు పెట్టాలా వద్దా అని.

"అది పనిముట్టు కాదు, దానికెందుకు?" అన్నాడొకడు.

"మన పాఠమంతా దాంట్లోనే కదా ఉండేది?" అంది పదో తరగతి అమ్మాయి ఒకతె. వాళ్ల నాయన గొర్రెలు మేపుతాడు. క్లాసులో ఉలి, సుత్తి పట్టడంలో ఆమెకు సాటి లేదు.

తీర్పు కోసం అందరూ హెడ్మాస్టరు వైపు చూశారు. ఆయన కాసేపు గ్లోబు వైపు చూసి, "ట్యాంకుకు పెట్టండి. కిందికి పోవద్దు" అన్నారు. ట్యాంకుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ పడ్డాయి. ఆయన హారతి కళ్లకద్దుకున్నారు. నేనూ అద్దుకున్నాను.

ఆ తర్వాత తల్లిదండ్రుల సమావేశం జరిగింది. వరండాలో ఎండ పడుతోందని హెడ్మాస్టరు గదిలోనే పెట్టారు. ఆ అమ్మాయి అమ్మానాయనలు గొర్రెల వెంట పోయారు కాబట్టి అవ్వ వచ్చింది. మనిషి పొట్టి, కళ్లజోడు పెద్దది, నడక కష్టం. కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. హెడ్మాస్టరు హాజరు గురించి మాట్లాడుతుండగానే ఆమె గోడ పట్టుకుంటూ పోయి, దుప్పటి కప్పిన కమోడ్ మీద నింపాదిగా కూర్చుంది.

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నారు.

"అవ్వా, అది కుర్చీ కాదు."

"మరేందప్పా?"

మనవరాలు పోయి చెవిలో చెప్పింది. అవ్వ దుప్పటి అంచు ఎత్తి కిందికి చూసుకుంది. మళ్లీ కప్పేసింది.

"మూత ఏసే ఉండాది కదా. నువ్వు చెప్పప్పా, వింటాండా" అంది. సమావేశం అయ్యేదాకా లేవలేదు. పోయేటప్పుడు నా దగ్గర ఆగి, "మోకాలు నొయ్యలా మేడమ్. శానా బాగుండాది" అని మెచ్చుకుంది.

ఆ చలికాలంలోనే అవ్వ ఇంట్లో మరుగుదొడ్డిలో జారిపడింది. పుట్టపర్తి ఆసుపత్రికి తీసుకుపోతే, నడుము ఎముక విరగలేదు గానీ ఇకమీదట గొంతుక్కూర్చోకూడదని డాక్టరు చెప్పాడట. అమ్మాయి రెండు రోజులు బడికి రాలేదు. వచ్చాక నా వెనకే తిరుగుతూ చివరికి అడిగింది.

"మేడమ్, మనం దాన్ని రోజూ విప్పి బిగిస్తాండాం. ఒకసారి నిజంగా బిగిస్తే ఏమి?"

"ఎక్కడ?"

"మా ఇంట్లో. అవ్వ నడుము బాగయ్యేదాకా. మేం కొత్తది కొనేదాకా అనుకోండి."

హెడ్మాస్టరును అడగడానికి నాకు భయమేసింది. ఆయన మాత్రం పూల దుప్పటి వైపు, తలుపు వైపు మార్చి మార్చి చూశారు. ఆ ముఖంలో ఎన్నాళ్లుగానో లేని వెలుగు వచ్చింది.

"సర్కారు సొత్తు మేడమ్. ఇచ్చేదానికి మనకు హక్కు లేదు" అన్నారు. బల్ల మీది ఫైలు మూసి, "ప్రాక్టికల్‌కు బయటికి తీసుకోని పోతే మాత్రం తప్పు లేదు" అన్నారు.

శనివారం క్లాసంతా కలిసి దాన్ని తోపుడుబండి మీద ఊళ్లోకి తీసుకుపోయాం. దారిలో జనం లేచి నిలబడి చూశారు. ఒకాయన బండికి దండం పెట్టి, దేనికి పెట్టాడో తెలిశాక చెయ్యి దించేసుకున్నాడు. అవ్వ ఇంటి వెనక చిన్న మరుగుదొడ్డి. అమ్మాయి కొంగు బిగించినట్టు చున్నీ నడుముకు కట్టుకుని నేలలోని పాత బేసిన్ పగలగొట్టింది. మగపిల్లలు పైపు కోసి వంపు బిగించారు. కమోడ్ నిలబెట్టి, రసమట్టం పెట్టి, చుట్టూ తెల్లసిమెంటు పూశారు. రసమట్టంలో బుడగ సరిగ్గా నడిమధ్యకు వచ్చి నిలిచింది. ఇన్నాళ్లూ నల్లబల్ల మీద గీసిందంతా అక్కడ నిలబడి ఉంది.

అప్పుడు తలుపు వేయబోతే పడలేదు. లోపలికి తెరుచుకునే తలుపు కమోడ్‌కు తగిలి ఆగిపోతోంది. అన్ని కొలతలూ తీశాం, తలుపును మాత్రం మరిచిపోయాం.

గొర్రెలు తోలుకుని అప్పుడే వచ్చిన అమ్మాయి నాయన కాసేపు చూసి, "తలుపు తీసి అవతలికి తిప్పితే పోలా?" అని, తానే బందులు ఊడదీసి తలుపు బయటికి తెరుచుకునేలా బిగించాడు. లోపల కొత్త గడియ కూడా పెట్టాడు. సిమెంటు ఆరాక అవ్వ లోపలికి పోయి వచ్చింది. "రాణీమాదిరి ఉండాది" అంది.

అవ్వ నడుము బాగైంది. కమోడ్ మాత్రం వెనక్కి రాలేదు. అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఇంతలో పరీక్షలు వచ్చాయి. మా కోర్సుకు బయటి నుంచి ఒక అధికారి వచ్చి ప్రాక్టికల్ చూడాలి. రేపు వస్తారని ఫోనొచ్చింది. హెడ్మాస్టరు చెమటలు తుడుచుకుంటూ, "మేడమ్, పొద్దున్నే పోయి ఊడదీసుకోని రండి" అన్నారు. పొద్దున్నే పిల్లలతో, రెంచీలతో అవ్వ ఇంటికి పోయాను. అవ్వ మమ్మల్ని చూసింది, రెంచీలను చూసింది. నేరుగా మరుగుదొడ్డిలోకి పోయి గడియ పెట్టుకుంది.

బతిమాలాం. మనవరాలు ఏడ్చింది. అవ్వ గడియ తియ్యలేదు. అంతలో హెడ్మాస్టరు ఆ అధికారిని వెంటబెట్టుకుని ఆటోలో దిగారు. బెజవాడ వైపు కుర్రాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబు.

"పరికరం ఎక్కడుందండీ?"

"లోపలుండాది సార్" అన్నారు హెడ్మాస్టరు.

"బయటికి తీయించండి."

"దాని మీద మనిషి ఉండాది సార్."

అధికారి నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"ఎవురది?" అంది అవ్వ లోపలి నుంచి.

"పరీక్ష సారు వచ్చినాడవ్వా" అంది మనవరాలు.

"ఎవురికి పరీక్ష?"

"మాకే."

"మీకైతే మీరు రాసుకోండి. నాతో ఏం పని?"

అధికారికి సాయంత్రం లోపల ఇంకో రెండు బళ్లు చూసే పనుందట. వాచీ చూసుకుని, చేసేదిలేక అరుగు మీద కూర్చుని అక్కడే పరీక్ష మొదలుపెట్టాడు.

"ఫ్లష్ చేశాక ట్యాంకులో నీళ్లు నిండి ఎలా ఆగుతాయమ్మా?"

"తేలే బంతి పైకొచ్చి వాల్వు మూస్తాది సార్."

"చేసి చూపించు."

అమ్మాయి తలుపు వైపు తిరిగింది. "అవ్వా, ఒకసారి నొక్కవ్వా."

"ఉండే. వచ్చింది వచ్చినట్టు కానీ."

అందరం నిలబడ్డాం. హెడ్మాస్టరు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి లోపల ధడాలున నీళ్లు దూకాయి. పిల్లలందరూ తలుపుకు చెవులొగ్గారు. అధికారి కూడా లేచి వచ్చి చెవి పెట్టాడు. నీళ్లు సన్నగా బుసకొడుతూ నిండి, టక్కున ఆగిపోయాయి.

"ఆగింది సార్!" అంది అమ్మాయి.

"లీకేజీ?"

"అవ్వా, కింద తడి ఉండాదా?"

"నా కాళ్లకేమీ తగల్లా."

అధికారి ట్యాబులో నొక్కుకున్నాడు. చివరికి ఫొటోలు. పరికరంతో పాటు విద్యార్థి ముఖం పడాలి. కమోడ్‌ను ఊడదీయబోమని అతడే మాటిచ్చాక అవ్వ బయటికి వచ్చింది, కానీ ప్రతి ఫొటోలోనూ వచ్చి కమోడ్ పక్కన నిలబడింది. ట్యాబేమో ముఖాలు లెక్కపెట్టి, అభ్యర్థులు ఒకరు ఎక్కువున్నారని ఒప్పుకోదు.

"అవ్వా, మీరు కొంచెం పక్కకు జరగండి."

"దాని మీద కూకునేది నేను. నన్ను ఇడిసిపెట్టి తీస్తావా?"

అతడు చాలా తంటాలు పడి, అవ్వ ముఖం మనవరాలి భుజం వెనక దాక్కునేలా తీశాడు. ఆటో ఎక్కబోతూ నన్ను పక్కకు పిలిచాడు. "మా అమ్మకూ మోకాళ్ల నొప్పులండీ. ఇంట్లో ఇలాంటిది పెట్టాలంటే తలుపు ముందే తిప్పేయాలా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

పిల్లలందరూ పాసయ్యారు. కమోడ్ అవ్వ దగ్గరే ఉండిపోయింది. ప్రభుత్వ సొత్తు ల్యాబు దాటి పోకూడదు కదా అని హెడ్మాస్టరు చాలా రోజులు మథనపడ్డారు. చివరికి డ్రాయింగు మాస్టారిని పంపి అవ్వ మరుగుదొడ్డి గోడ మీదే 'వొకేషనల్ ల్యాబ్' అని రాయించారు. తర్వాతి బ్యాచీల ప్రాక్టికల్స్ అక్కడే జరిగాయి. పొద్దున పది లోపల రాకూడదని అవ్వ షరతు పెట్టింది.

ఆ అమ్మాయి ఇప్పుడు హిందూపురంలో డిప్లొమా చదువుతూ ఒక చిన్న ప్రైవేటు హాస్టల్లో ఉంటోంది. చేరిన వారానికే అక్కడ కారుతున్న కొళాయిలన్నీ బాగుచేసిందట. దాంతో ఆదివారం వచ్చిందంటే హాస్టలు నడిపే ఆమె ఏదో ఒక పని చూపించి ఇంటికి వదలడం లేదు. అవ్వ నాకు ఫోను చేసింది.

"మేడమ్, మా పాపను ఆడ కొళాయిలకు కట్టేసినారంట. నువ్వు పోయి పిల్చుకోని రా."

పోయాను. హాస్టలామె నన్ను ఎగాదిగా చూసి, "ఈ పాపకు నేర్పించింది మీరేనా? మోటారు కూడా చూస్తారా?" అంది. నేను, ఆ అమ్మాయి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. భోజనాల వేళ దాటేదాకా ఇద్దరం మోటారు విప్పుకుని కూర్చున్నాం. పైట్యాంకుకు నీళ్లెక్కాయి. బస్సులో సీటు దొరకలేదు. చేతులకు గ్రీజు మరకలతో, ఒకే కడ్డీ పట్టుకుని పెనుకొండ దాకా నిలబడే వచ్చాం. మోటారులో ముందే ఏం చూడాల్సిందో ఇద్దరం దారి పొడవునా వాదించుకున్నాం.