బయ్యప్ప చూసిన ఆరో గీత

చింతామణి బస్టాండు వెనక సందులో, పట్టుగూళ్ల వ్యాపారుల గదుల నడుమ, రక్తపరీక్షల ల్యాబు ఒకటి ఉండేది. 2004 నాటికి బయ్యప్ప అందులో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆయన గుచ్చితే దోమ కుట్టినంతే అని పేరు. ఎవరి రక్తం చూసినా చెయ్యి వణకని మనిషికి ఆ బుధవారం సొంత అక్క రక్తమే ఎదురైంది.

అక్క హనుమక్కది చాకవేలు అనే పల్లె. తల్లి పోయాక బయ్యప్పను చంకనేసుకుని పెంచింది ఆమే. మూడు నెలలుగా నడుం నొప్పి, ముఖమంతా పాలిపోయింది. రక్తకణాలు లెక్కపెట్టమనీ, సీరంలోని, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీళ్లలోని, ప్రోటీన్లు విడదీసి చూడమనీ డాక్టరు రాశాడు. రెండోది ఎందుకు రాశాడో బయ్యప్పకు తెలుసు. ఎముకల మూలుగలో క్యాన్సరుంటే అందులోనే బయటపడుతుంది.

ఒక ట్యూబు నిండగానే అక్క చెయ్యి లాగేసుకుంది.

"చాల్లేప్పా. ఒంట్లో ఉండేదే గుక్కెడు, అదీ నీకే పోస్తే ఎట్ల?"

నవ్వి, ఆ ఒక్క ట్యూబుతోనే రెండు పరీక్షలూ సరిపెట్టాడు.

కాగితంలాంటి పల్చని పట్టీ మీద చుక్క పెట్టి, రెండు కొసలూ ఉప్పునీళ్లలో ముంచి కరెంటు పెడితే, బడిపిల్లల పరుగుపందెంలా ఒక్కో ప్రోటీనూ తన సత్తువకొద్దీ పరిగెత్తుతుంది. ఆపి, ఎర్రరంగులో ముంచి, పులుపు వాసనేసే నీళ్లలో కడిగితే గీతలు తేలతాయి. మామూలుగా ఐదు. మొదటిది లావు, చివరిది మసక.

అక్కకు ఆరు తేలాయి. చివరిదానికి ముందు, స్కేలు పెట్టి గీసినట్టు సన్నని గీత ఒకటి.

మూలుగ క్యాన్సరు గీసే గీత అట్లాగే ఉంటుంది. పట్టీని రిజిస్టరు కింద దాచాడు. బయట బెంచీ మీద అక్క వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. ఆమెకేం చెప్పాలి? మిగిలిన సీరం బెంగళూరు పంపుదామని ట్యూబు తీసి వంచాడు. అడుగున ఎర్రగా పేరుకున్నది బురదలా జారింది.

గడ్డకట్టిన రక్తం జారదు. మూత చూశాడు, ఊదారంగు. కణాల లెక్కకోసం, గడ్డకట్టకుండా మందు వేసిన ట్యూబు అది. గడ్డకట్టని రక్తంలో, గడ్డకట్టించే ప్రోటీను అట్లాగే మిగిలి తనూ ఒక గీత గీస్తుంది. కానీ ఆ జబ్బు గీతా ఆ చుట్టుపక్కలే పడుతుంది. ఇది ఏ గీత? ట్యూబు పట్టుకునే బెంచీ దగ్గరికి వచ్చాడు.

"ఇంకో తూరి గుచ్చాలక్కా. తప్పు నాదే, మందేసిన ట్యూబులో తీసుకున్న."

హనుమక్క అతని ముఖంలోకి చూసింది. ఒలిచిన గింజలు కొంగులో మూటకట్టి, చెయ్యి చాపింది.

"నిన్ను చూస్తాంటే నాకే భయమైతాండాది. గుచ్చు."

ఈసారి రక్తం గడ్డకట్టేదాకా అరగంట ట్యూబు ముందే కూర్చున్నాడు. పట్టీ కడిగేటప్పుడు కళ్లు మూసుకున్నాడు. తెరిచి లెక్కపెట్టాడు. మళ్లీ కొసనుంచి లెక్కపెట్టాడు. ఐదే.

జరిగిందంతా చెప్పాడు. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, డాక్టరు మాత్రలు రాస్తాడు, అంతేనన్నాడు. అక్క అంతా విని, చెయ్యి రుద్దుకుంది.

"అయితే ముందు తీసింది దండగే కదప్పా. దాన్ని వాపసు పొయ్యి."

బయ్యప్ప నవ్వబోయాడు. రిపోర్టు రాయడానికి పెన్ను పట్టుకుంటే, చెయ్యి వణికి అక్షరం కుదరలేదు.