నీకు కుర్చీ ఎవరు వేశారు?

ఇవాళ కార్తీక సోమవారం. పదకొండు రోజుల కిందట, గురువారం ఉదయం, మా మనవరాలి గైడు మేడమ్ చనిపోయారు. కబురు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. పరీక్షలు వాయిదా పడ్డాయని, హాస్టల్ మూసేస్తున్నారని ఆ గ్రూపులో రోజూ ఏదో ఒకటి వస్తుంది, సాయంత్రానికి అబద్ధమని తేలుతుంది. డిపార్టుమెంటుకు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. చివరికి మేడమ్ నంబరుకే చేశాను. ఆమె తమ్ముడు ఎత్తి, "నిజమేనండి, నిద్రలోనే పోయింది" అన్నాడు. అప్పుడు వెళ్లి మనవరాలిని లేపాను.

విద్యార్థులంతా కలిసి ఆమె జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నారు. "అమ్మమ్మగారూ, మీరూ రెండు మంచి మాటలు రాయండి" అని నన్ను అడిగారు. రాస్తాను. కానీ మంచి మాటలతో ఆపను. మేడమ్ పోయాక మా పిల్ల థీసిస్ మరో ప్రొఫెసర్ గారి చేతికి వెళ్లింది. అందులో మాట్లాడిన ఆడవాళ్ల పేర్లు ఇస్తేనే సంతకం పెడతానని ఆయన అంటున్నారు. ఆ పేర్లు ఎందుకు ఇవ్వకూడదో మీకు తెలియాలంటే, మేడమ్ పిల్లలకు పని ఎలా నేర్పారో తెలియాలి. అందుకని ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. ఎవరు ఏ మాట చెప్పినా రెండోసారి అడుగుతాను. మా అమ్మాయి, అల్లుడు నెల్లిమర్లలో ఉంటారు. వాళ్ల కూతురు శ్రీకాకుళంలో నా దగ్గరే ఉండి, బస్సు మీద విశ్వవిద్యాలయానికి వెళ్లి వస్తూ సమాజశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. కళింగపట్నం తీరంలో చేపలు ఎండబెట్టే ఆడవాళ్ల బతుకు మీద ఆమె థీసిస్.

గైడు ఆదివారాలు ఇంటికి రమ్మంటోందని పిల్ల చెప్పినప్పుడే నాకు అనుమానం వచ్చింది. గైడ్లు పరిశోధక విద్యార్థుల చేత కూరగాయలు తెప్పించుకుంటారని, కరెంటు బిల్లు కట్టించుకుంటారని విని ఉన్నాను.

"ఏటే, యూనివర్సిటీలో గదులు లేవా? ఇంటికెందుకు?" అన్నాను.

"అమ్మమ్మా, డిపార్టుమెంటులో సగం పోస్టులు ఖాళీ. క్లాసులన్నీ ఆవిడే చెప్పాలి. ఆదివారం అయితేనే కూర్చుని వింటారు."

"అయితే నేనూ వస్తాను."

వెళ్లి వరండాలో కూర్చున్నాను. మేడమ్ బయటికి వచ్చి నన్ను పైనుంచి కిందికి చూశారు.

"కాపలాకి వచ్చారా అమ్మా?"

"అవునండీ."

"మంచిది. అయితే లోపలికి రండి. వరండాలో కూర్చుంటే ఏం కనిపిస్తుంది?"

లోపల ఆమె కత్తిపీట ముందు వేసుకుని బీరకాయలు తరుగుతున్నారు. విద్యార్థులు చుట్టూ కూర్చుని రాసింది చదువుతున్నారు. ఒక అమ్మాయి సాయం చేద్దామని కాయ అందుకోబోతే, "నీ చేతిలో కాగితం ఉంది కదా, అది చూసుకో" అన్నారు. వాళ్ల చేత మంచినీళ్లు కూడా తెప్పించుకోలేదు. నేను చాలా ఆదివారాలు చూశాను. నాకు కావలసిన తప్పు దొరకలేదు.

ఆమె వినే పద్ధతి ఒకటి ఉంది. చదువుతున్నంతసేపూ కాయ తెగుతూనే ఉండేది. నమ్మకం కుదరని వాక్యం వస్తే చెయ్యి ఆగిపోయేది. చదివేవాళ్ల గొంతూ అక్కడే ఆగేది. ఇంగ్లీషులో పెద్ద పెద్ద మాటలు ఎక్కడినుంచో తెచ్చి అతికిస్తే, "ఇదే సంగతి మీ అమ్మకి ఎలా చెప్తావో అలా చెప్పు" అనేవారు. పిల్లలు సిగ్గుపడుతూ తమ ఊరి మాటల్లో చెప్పేవారు. "ఆఁ, ఇప్పుడు నీకు తెలిసిందని నాకు తెలిసింది. రాసుకో." ఇంట్లో మొదటిసారి ఇంత చదువుకు వచ్చిన పిల్లలే అందులో ఎక్కువ. డిపార్టుమెంటు వరండాలో సంతకాల కోసం గంటలకొద్దీ నిలబడటం వాళ్లకు అలవాటైపోయింది. మేడమ్ మాత్రం నడుస్తూ నడుస్తూ ఆగి, గోడకి కాగితం ఆనించి సంతకం పెట్టేసేవారట.

ఒకసారి పలాస జీడిపప్పు పట్టుకెళ్లాను. మర్యాద కోసం కాదు, తీసుకుంటారో లేదో చూద్దామని. "పిల్ల వైవా అయ్యాక తెండి. ఇప్పుడు మా ఇంట్లో దీనికి డబ్బా లేదు" అని నా సంచిలోనే తిరిగి పెట్టేశారు.

ఆమె నాకంటే అనుమానస్తురాలని నాకు తెలిసింది మా పిల్ల మొదటి అధ్యాయం చదివిన రోజున.

మా పిల్ల కళింగపట్నం వెళ్లి చాలామందితో మాట్లాడి వచ్చింది. చేపలు కొనే షావుకారు గురించి అందరూ ఒకే మాట చెప్పారు. షావుకారు మంచోడు, తూకం సరిగ్గానే ఉన్నాది, మాకు ఏ లోటూ లేదు. పిల్ల సంబరంగా చదువుతోంది. మేడమ్ చెయ్యి ఆగిపోయింది.

"నీకు కుర్చీ ఎవరు వేశారు?"

పిల్లకు అర్థం కాలేదు. "కుర్చీయా మేడమ్?"

"నువ్వు వెళ్లావు. ఎండగా ఉంది. ఎవరో కుర్చీ తెచ్చి వేసే ఉంటారు. ఎవరు?"

"షావుకారి గుమస్తా మేడమ్. చాలా మర్యాదగా చూశారు. పాక నీడలో వేశారు. కూల్‌డ్రింకు కూడా తెప్పించి, ఒక్కొక్కరినీ ఆయనే పిలిచారు."

"పిలిచి ఎక్కడికి వెళ్లాడు?"

"అక్కడే కాటా దగ్గర కూర్చున్నారు."

"అయితే నువ్వు విన్నది అతని మాట. ఆడవాళ్ల నోటితో విన్నావు, అంతే. ఇదంతా కొట్టేసి మళ్లీ వెళ్లు. ఈసారి కుర్చీ వేస్తే కూర్చోకు."

మన వైపు చదువుకున్న పిల్ల వస్తే కుర్చీ వేయకుండా ఉండరు. వేసినవాడి నీడలో కూర్చున్నామని మా పిల్లకు తట్టలేదు. నాకూ తట్టలేదు. బస్సులో పిల్ల కళ్లు తుడుచుకుంటూ ఉంటే నా అనుమానం ఇంకో వైపు పోయింది. ఈవిడ కావాలనే చదువు సాగదీస్తోందేమో అనుకున్నాను. నిజమేమిటో నేనే చూస్తానని, పిల్ల మళ్లీ కళింగపట్నం వెళ్లినప్పుడు వెంట వెళ్లాను.

ఈసారి పిల్ల తెల్లారేసరికి ఇసుకలో కూర్చుని వాళ్లతో పాటు నెత్తళ్ల చేపలు పరిచింది. గుమస్తా కుర్చీ తెచ్చాడు. "వద్దండీ, బట్టలు పాడైపోయాయి" అని పిల్ల లేవలేదు. కాసేపు చూసి అతను వెళ్లిపోయాడు. ఆడవాళ్లలో పెద్దామె ఒకామె నన్ను చూపించి అడిగింది.

"ఈ ముసలమ్మ ఎవులే? పోలీసా ఏటి?"

"మా అమ్మమ్మ."

"అలా సెప్పు. మా అత్త సూసినట్టు సూస్తన్నాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వకుండా ఉండలేకపోయాను. ఆ నవ్వు తర్వాత మాటలు మారాయి. కాటా ఎలా మొగ్గుతుందో, అడిగితే ఏమవుతుందో పెద్దామె చెప్పింది. "ఓపాలి అడిగినాను. ఆరోజు నా గంప ముట్టుకోలేదు. సేపలు వానకి కుళ్లిపోయినాయి. మళ్లీ అడగలేదు."

రాసింది తిరిగి వాళ్లకే చదివి వినిపించాలన్నది మేడమ్ పెట్టిన నియమం. మా పిల్ల మళ్లీ వెళ్లి చదివింది. పెద్దామె చివరిదాకా విని, "మాట ఉంచీ. పేరు తీసీ. నానే సెప్పినానని తెలిస్తే రేపు నా సేపలు ఎవులూ కొనరు" అంది. పిల్ల సరేనంది.

ఆ ఆదివారం ఈ సంగతి చెప్పగానే మేడమ్ అన్నారు: "మాట ఇచ్చావు కదా. అయితే ఆ పేరు నాకు కూడా చెప్పకు."

"మీరు గైడు కదండీ, మీకు తెలియకపోతే ఎలా?" అని నేను అడిగాను.

"తెలిస్తే, నన్ను అడిగేవాళ్లు ఉంటారమ్మా. తెలియకపోతే నేను అబద్ధం ఆడక్కర్లేదు."

ఆమె విషయంలో నాకు తేలని అనుమానం ఒకటే మిగిలింది. కత్తిపీట పక్కన ఎప్పుడూ మాత్రల పెట్టె ఉండేది. ఏమిటని అడిగితే బి కాంప్లెక్స్ అన్నారు. రెండోసారి అడిగాను. రెండోసారీ అదే చెప్పారు.

మొన్న శుక్రవారం నాడు సంతాప సభ పెట్టారు. మైకులో చాలా పెద్ద మాటలు వినపడ్డాయి. సభ అయ్యాక కొత్త గైడు గారు మా పిల్లను పిలిచారు. "పేర్లు, ఫోన్ రికార్డింగులు తెచ్చి ఇచ్చేయమ్మా. అవి లేకపోతే ఎవరు నమ్ముతారు? నేను సంతకం ఎలా పెట్టను?"

పక్కనే ఉన్న నేను అడిగాను. "ఏ రూలు ప్రకారం అండీ?"

"రూలంటే... పద్ధతమ్మా."

"ఎవరు పెట్టిన పద్ధతి?"

ఆయన ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయారు. ఆయన చెడ్డవారని నేను అనను, నాకు తెలియదు. కానీ ఆ పేర్లు ఆయన బల్ల మీద పడితే ఆ గదిలోకి ఎవరెవరు వస్తారో, అదీ నాకు తెలియదు. నమ్మడానికి నాకు కారణం కనబడలేదు.

గడువు దగ్గర పడింది. సంతకం లేకపోతే ఇన్నేళ్ల చదువూ పోతుంది. "ఇచ్చేద్దామా అమ్మమ్మా?" అంది పిల్ల. ఆ నిర్ణయం తనకే వదిలేశాను. మాట ఇచ్చింది తను. కాసేపటికి తనే పెద్దామెకు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. అవతలి మాట నాకూ వినబడింది.

"నీ సదువు పోతాదంటే సెప్పీ తల్లీ. నాదేటి పోతాది, సేపలే గదా."

ఫోన్ పెట్టేసి మా పిల్ల థీసిస్ కాగితాలు తీసి సర్దుకుంది. తర్వాత, "వద్దంటే ఇచ్చేసేదాన్నేమో. తన చేపలు పోయినా ఇమ్మంది. ఇక ఇవ్వలేను" అంది.

ఈ పుస్తకం కొత్త గైడు గారికీ, డిపార్టుమెంటు వారికీ అందుతుంది. అందుకని ఇకమీదట జరగవలసినవి ఇక్కడే రాస్తున్నాను.

1. పేర్లు అడగకూడదు. మేడమ్ ఒప్పుకున్న అధ్యాయాలు ఒప్పుకున్నట్టే ఉండాలి.

2. పేర్లు లేకుండా సంతకం కుదరదంటే, ఆ నియమం ఎక్కడుందో కాగితం మీద రాసి ఇవ్వాలి. నోటి మాట చెల్లదు.

3. నమ్మకం చాలని పరీక్షకులు ఎవరైనా సరే తెల్లవారే వేళకు కళింగపట్నం వెళ్లి, నెత్తళ్లు పరుస్తూ వినవచ్చు. ఎవరు ఏం చెప్పారని మాత్రం అడగకూడదు.

4. మేడమ్ మిగతా విద్యార్థులకు కూడా గైడును ఇచ్చే ముందు వాళ్లను అడగాలి.

5. వైవా తలుపులు తీసి జరపాలి. తీరం నుంచి ఆడవాళ్లంతా వస్తామంటున్నారు. అందరూ వస్తే అందులో చెప్పింది ఎవరో ఎవరికీ తెలియదు. గేటు దగ్గర వాళ్లను ఆపకూడదు. వాళ్లు లోపలికి వచ్చాక, ఎండు చేపల వాసన వస్తోందని ఎవరూ లేచి కిటికీ తలుపులు తీయకూడదు.