ఐర్లాండ్‌లో గ్రాండ్ అంటే

కోవిడ్ రెండో ఏడాది చివర్లో, విమానాలు మళ్లీ నడవగానే, ఐర్లాండ్‌లోని బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉంటున్న మా అమ్మాయి సలోమి దగ్గరికి వెళ్లాను. ఆమె అక్కడ ఆసుపత్రిలో నర్సు. ఇన్నాళ్లకి సెలవు దొరికింది, ఆల్ప్స్‌కి వెళ్లి మంచు మీద జారాలని ఆమె కోరిక. పాదాలకు బిగించుకునే పొడవాటి పలకలు, స్కీలు, కొనడానికి నన్నూ వెంటబెట్టుకెళ్లింది.

ఆ కొండల మీద మంచు పొద్దున రాయిలా ఉంటుందట, మధ్యాహ్నానికి బురదవుతుందట, కొత్తగా కురిస్తే మోకాలి లోతు పొడి. ఒక్కో మంచుకి ఒక్కో వెడల్పు స్కీ. కొనేది ఒక్క జతే. పిల్ల ఎక్కడ పడి మోకాలు విరగ్గొట్టుకుంటుందోనని నా భయం.

మాస్కు పెట్టుకున్న షాపతను ఒక మధ్యరకం జత చూపించాడు. "గట్టి మంచు మీద గ్రాండ్. పొడి మీద గ్రాండ్. బురదలోనూ గ్రాండ్."

"అయితే అన్నిటికంటే గొప్పవి ఇవేనన్నమాట!" అన్నాను.

"అబ్బే, గొప్పవేం కావు. గ్రాండ్, అంతే."

సలోమి పడి పడి నవ్వింది. "నాన్నా, వీళ్ల గ్రాండ్ అంటే మన పర్వాలేదు! గొప్పగా ఉండదు, అలాగని పడెయ్యదు."

నాకు నవ్వు రాలేదు. కోవిడ్ వార్డులో పనిచేసిన రోజుల్లో ఎలా ఉన్నావని ఫోన్లో అడిగితే, ఎప్పుడూ "గ్రాండ్ నాన్నా" అనేది. అమ్మాయి బ్రహ్మాండంగా ఉందని డైరీలో రాసుకుని హాయిగా పడుకునేవాణ్ణి.

"మరి వార్డు రోజుల్లో ఫోన్లో నువ్వన్నది ఏ గ్రాండమ్మా?"

ఆమె స్కీ అంచుని వేలితో తడుముతూ, "ఇక్కడిదే నాన్నా," అంది.

ఆ జతే కొన్నాం.