సలోమి అక్క పూర్తి చేసిన రౌండ్

నిన్న పొద్దున క్లాసులో ఉండగా ఫోన్ మోగింది. సలోమి అక్క రూమ్మేట్ షైనీ.

"అక్క ఇక లేదు మేడమ్."

నేను నమ్మలేదు. ఏదైనా వెంటనే నమ్మే అలవాటు నాకు లేదు. ఫోన్ పెట్టేసి అక్క నంబర్‌కే చేశాను. అదీ షైనీయే ఎత్తింది.

అప్పుడు నమ్మక తప్పలేదు.

డ్యూటీ టైమైందని లేపబోతే లేవలేదట. నిద్రలోనే గుండె ఆగిపోయింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. సలోమి అక్కది నర్సాపురం దగ్గర పల్లె. ఇక్కడ సౌదీలో, జుబైల్ ఆసుపత్రి ఎముకల వార్డులో సీనియర్ నర్స్. నేను స్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. కాలు బెణికి ఆ వార్డుకి వెళ్ళిన రోజు నుంచి ఆమె నాకు అక్క.

అక్క చెల్లెలి కూతురు ఇంగ్లండ్ నుంచి ఒకసారి ఫోటోలు పంపింది. ఒక పబ్ దగ్గర బయల్దేరి, పొలాల మీదుగా ఎప్పటిదో పాత చర్చి దాకా నడిచి, ఇంకో దారిన మళ్ళీ ఆ పబ్‌కే చేరతారట. సెలవు రోజున అదో సరదా.

అక్క ఆ ఫోన్ నా ముందు పెట్టింది.

"మనకేం తక్కువమ్మా? పబ్బు లేకపోతే కరక్ చాయ్ కొట్టుంది. పొలాల్లేకపోతే ఖర్జూరం తోటలున్నాయి. చర్చి అంటావా, వాళ్ళదానికంటే మనదే పాతది."

నిజమే. ఊరి బయట ఇసుకలో ఎన్నో వందల ఏళ్ళ నాటి చర్చి ఒకటి ఉంది. కప్పు లేదు. మొండిగోడలు, చుట్టూ కంచె. బయటి నుంచే చూడాలి.

అలా మొదలైంది మా శుక్రవారం రౌండ్. కొట్టు దగ్గర చాయ్ తాగి, తోటల పక్కగా చర్చికి. అక్కడి నుంచి ఉప్పునేల అంచున తిరిగి కొట్టుకి.

వెళ్ళిన దారిన వెనక్కి రావడానికి అక్క ఒప్పుకునేది కాదు. వాళ్ళ ఊళ్ళో క్రిస్మస్ నెలలో ఇంటింటికీ పాడుతూ తిరిగే క్యారల్స్‌కి అదే రూల్. వెళ్ళిన వీధినే వెనక్కొస్తే అవతలి వీధి ఇళ్ళకి పాట అందదు.

ఈ ఎడారిలో ఇళ్ళెక్కడివక్కా అంటే, కాళ్ళకి అలవాటైపోయింది, చెప్తే వినవు అనేది.

మొదటిసారి కంచె దగ్గరికి చేరగానే నేను అలవాటుగా చెప్పులు విప్పేశాను. ప్రదక్షిణం కూడా మొదలుపెట్టాను. నాలుగడుగులు వేయకముందే ముల్లు దిగింది.

అక్క పడీపడీ నవ్వింది. పిన్నీసుతో ముల్లు తీస్తూ, "చెప్పులేసుకోవే తల్లీ. దేవుడు నీ పాదాలు చూడకపోయినా టెటనస్ చూసుద్ది" అంది.

ఇది అసలు చర్చేనా, ఎవరిదైనా పాత గోదామా అని నా అనుమానం నాది. గోదామైనా ఇంత దూరం నడిపించింది కదా అని ఆవిడ జవాబు.

రెండేళ్ళ క్రితం అక్క బాత్రూంలో జారిపడింది. తుంటి విరిగింది. తన వార్డులో తనే పేషెంట్. ఆపరేషన్ తర్వాత వాకర్, ఆ తర్వాత కర్ర.

సెలవు అయిపోవస్తోంది. మళ్ళీ డ్యూటీలో చేరాలా, ఉద్యోగం మానేసి, ఫైనల్ ఎగ్జిట్ పెట్టి ఇంటికి వెళ్ళిపోవాలా? ఎముక అతికింది, నిర్ణయం మీదే అన్నారు డాక్టర్లు. అందరూ వెళ్ళిపొమ్మన్నారు. నేనూ అదే అన్నాను.

అక్క మాత్రం రౌండ్ తిరుగుతానంది. పూర్తయితే డ్యూటీ, మధ్యలో ఆగితే ఎగ్జిట్.

చర్చి దాకా వచ్చేసరికి జాకెట్టు చెమటతో తడిసిపోయింది. ఒక రాయి మీద కూర్చుంది. కాస్త అవతల మా ఆయన కారు పెట్టుకుని ఉన్నాడు. నేనే రమ్మన్నాను.

"ఎవరిదా కారు?"

"మాదే అక్కా. ఇక్కడిదాకా వచ్చావుగా, చాల్లే."

"సగం ఉడికినదాన్ని అన్నం అంటావా నువ్వు? మీ ఆయన్ని పొమ్మను. కారు కనపడుతుంటే కాళ్ళకి ఆశ పుట్టుద్ది."

ఆయన నా వైపు చూశాడు. వెళ్ళిపొమ్మని చెప్పాను. కారు కనుమరుగయ్యేదాకా అక్క లేవలేదు.

ఉప్పునేల మీద నన్ను ముందు నడవమంది. వెనకుంటే పడుతుందేమోనని చూస్తానట, ఆ చూపుకే పడిపోతుందట.

ముందు నడిచాను. నా వెనక ఉప్పు పెచ్చులు విరుగుతున్న చప్పుడు, కర్ర చప్పుడు.

ఒకచోట రెండూ ఆగిపోయాయి.

తిరిగి చూడనా వద్దా? అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు సన్నగా క్యారల్ వినిపించింది. ఎండలో, ఆయాసంతో, సగం మాటలు మింగేస్తూ. దాని వెనకే మళ్ళీ అడుగులు.

కొట్టు కనబడగానే నన్ను దాటేసి ముందుకెళ్ళింది. నిజంగా దాటేసింది!

కొట్టు పెద్దాయన పెషావర్ మనిషి. కర్రతో వస్తున్న ఆవిణ్ణి చూసి లేచి నిలబడి, చెంచాతో గ్లాసు మీద టంగుటంగున కొట్టాడు. "సిస్టర్ జీత్ గయీ!" సిస్టర్ గెలిచిందట. లారీ డ్రైవర్లు సంగతేంటో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. అక్క చెయ్యెత్తి ఊపింది, ఎలక్షన్ గెలిచినదానిలా.

ఆదివారం డ్యూటీలో చేరింది.

ఆ తర్వాత మంచం దిగనని మొండికేసే పేషెంట్లకి ఆవిడ ఒక్కటే చెప్పేదట: "నాదీ తుంటే. లే."

లేచారు. ఈ రెండేళ్ళలో ఎంతమంది లేచారో!

చావు కబురు రాస్తూ ఇంత గర్వపడటం తప్పేమోనని రాత్రంతా ఆలోచించాను. తప్పైతే అవనివ్వండి.

ఆత్మ, పరలోకం ఉన్నాయో లేవో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ రోజు సలోమి అక్క నడిచింది. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు.

వెళ్ళిరా అక్కా. నువ్వు నమ్మిన ప్రభువు దగ్గర కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చో. నీకు శాంతి.