పసుపు రంగు ఆగినచోట

మా తమ్ముడు పంపే లింకులంటే మొదట్నుంచీ నాకు పడదు. వాడు షాద్‌నగర్‌లో కంపెనీ ఉద్యోగి. నారాయణపేటకు రావడానికి తీరిక ఉండదు గానీ, మాకు బుద్ధులు చెప్పడానికి మాత్రం ఎప్పుడూ తీరికే. పొడుగాటి వ్యాసంలో తనకు నచ్చిన నాలుగు వాక్యాలు ఏరి, నొక్కగానే నేరుగా అక్కడే తెరుచుకునేటట్టు పంపుతాడు. ఆ వాక్యాల మీద పసుపు రంగు పూసి ఉంటుంది.

బాపుకు అది మహా ఇష్టం. "ఎతుకులాడే పనే లేదు. మనకు కావాల్సింది మన ముంగటికే వస్తాంది" అనేవాడు.

అమ్మకు టీబీ అని తేలినాక ఆ లింకులు ఎక్కువయ్యాయి. మాత్రలు వేసుకుంటే ఆమెకు వాంతులు. అన్నం చూస్తే మొహం తిప్పుకునేది. నేనూ బాపూ చెరో మగ్గం మీద ఉన్నా చెవులు మాత్రం అమ్మ దగ్గు మీదే. అప్పుడు తమ్ముడు ఒకటి పంపాడు. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుందనీ, ఆకలి పుడుతుందనీ, మనిషి ఎప్పటిలా తిరుగుతుందనీ అందులో ఉంది. బాపు మగ్గం గుంటలోంచి లేచి, అమ్మ మంచం పక్కన కూర్చుని చదివి వినిపించాడు. ఆ రోజు నుంచి అదే పారాయణం. నాకు విసుగొచ్చేది గానీ, వింటున్నప్పుడు అమ్మ మొహం కొంచెం తేటపడేది.

అందులో రాసినట్టే జరిగింది కూడా. దగ్గు తగ్గింది. జొన్నరొట్టె అడిగి చేయించుకుని తిన్నది. మళ్ళీ రాట్నం ముందేసుకుని కండెలు చుట్టడం మొదలుపెట్టింది. మేమంతా సంబరపడ్డాం. అమ్మా బాపూ వాళ్ళలో వాళ్ళే అనుకుని మాత్రలు ఆపేశారని తర్వాత తెలిసింది.

వానలు పడ్డాక దగ్గు తిరిగొచ్చింది. ఈసారి దగ్గులో నెత్తురు. దవాఖానకు తీసుకుపోతే, మందులు ఎవరు ఆపమన్నారని డాక్టరమ్మ కోప్పడింది. "ఇల్లలకంగనే పండుగైతదా పెద్దాయనా?" అన్నది. బాపు తొణక్కుండా ఫోను తీసి, ఆ లింకు నొక్కి చూపించాడు. ఆమె వేలితో జర పైకి జరిపింది. పసుపు ఆగిన వెంటనే, మామూలు నల్లటి అక్షరాల్లో ఉంది. బాగైందనుకుని చాలామంది అప్పుడే మందులు ఆపేస్తారట. ఆపితే రోగం తిరగబెడుతుందట, పాత మందులకు లొంగకపోవచ్చట.

"గది మనది కాదనుకున్న మేడం," అన్నాడు బాపు. "రంగు దాటినంక యేరే చీర కదా."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మగ్గానికి ఎక్కించే పడుగు దారాల మీద, వరసగా వచ్చే చీరల్లో ఒకటి ముగిసేచోట రంగు పెడతాం. ఆ రంగు దాటితే ఇంకో చీర, ఇంకొకరి కోసం నేసేది. మా ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు నడుమ పెట్టిన రంగంటే అదే. తెర మీద చదివినా బాపు నేతగాడిగానే చదివాడు.

బయటికొచ్చి తమ్ముడికి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "అరచేతిల వైకుంఠం చూపిచ్చినవ్ కదరా. ఆ కింది మాట నీకు కనవడలేదా?"

"కనవడ్డదక్కా," అన్నాడు వాడు. "అమ్మ భయపడ్తదని ఇడిసిపెట్టిన."

దానికి నాకు ఇంకా కోపం రావాలి. ఏడుపొచ్చింది. దవాఖాన గోడకు ఆనుకుని, జనం చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను.

పాత మందులు ఇంకా పనిచేస్తాయో లేదో తేల్చడానికి అమ్మ కళ్ళెను పరీక్షకు పంపారు. ఫలితం రావాలి. బాపు మాత్రం ఎవరిమీదో పంతం పట్టినట్టు ఆ వ్యాసాన్ని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. పైనున్న తేదీ, నడుమ వచ్చే పచ్చళ్ళ ప్రకటన, ఏదీ వదల్లేదు. అమ్మ గోడకు ఆనుకుని వింటున్నది. నేను బాపు భుజం మీదుగా చూస్తున్నాను. చివరికి వచ్చాడు. రోగం మందులకు లొంగకుండా పోతే కొందరు దక్కరని అక్కడ రాసి ఉంది. బాపు ఆ వాక్యం పైకి చదవకుండా ఆపేశాడు.

"అయిపోయిందా?" అన్నది అమ్మ.

"ఆ, గంతే ఉన్నది" అన్నాడు బాపు.

అమ్మ ఆయన మాట నమ్మలేదు. నా దిక్కు చూసింది.

"గంతేనమ్మా" అన్నాను.