ఒకే మీటరు, మూడు వాటాలు

తెనాలిలో మాది కిరాణా కొట్టు. కుడిపక్క బట్టల కొట్టు, ఎడమపక్క ఫ్యాన్సీ కొట్టు, ఎదురుగా మా మేనమామ స్టీలు సామాన్ల కొట్టు. నన్ను చూపించి, వీడికి ముందు బేరం వచ్చి తరవాత మాటలొచ్చాయని మా అమ్మ అంటుండేది. చెప్పిన ధరకే వస్తువు కొనుక్కొచ్చినవాణ్ణి మా ఇంట్లో జ్వరమొచ్చినవాణ్ణి చూసినట్టు చూసేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా మేనమామ రేపల్లెలో ఇంకో కొట్టు తెరిచి నన్నక్కడ కూర్చోబెట్టాడు. అప్పుడే నాకు పెళ్ళయింది. ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి మామ్మగారి వరండాలో తేలాను.

మామ్మగారంటే ఆ ఇంటి యజమానురాలు. ముస్లిం కుటుంబం. వాళ్ళాయన బజార్లో చెప్పుల కొట్టు నడిపి, పోతూ పోతూ ఆ ఇల్లొకటి ఆవిడకి మిగిల్చి వెళ్ళారు. వరసగా మూడు వాటాలు. ముందు వాటాలో ఆవిడ, మధ్య వాటాలో ఒక స్కూలు మాస్టారూ ఆయన భార్యా, వెనక వాటా ఖాళీ. మూడు వాటాలకీ కలిపి కరెంటు మీటరు ఒక్కటే. అది వరండా గోడకి, ఆవిడ నవారు మంచానికి ఎదురుగా ఉండేది.

ఆవిడ చెప్పిన అద్దె న్యాయమైనదే. న్యాయమైన ధర వింటే నాకు ఏం మాట్లాడాలో తోచదు. అందుకని పక్కదారి తొక్కాను.

"కరెంటు కూడా అందులోనే కలిపేసుకోండి మామ్మగారూ."

"అదేంటయ్యా? మాస్టారు నెలనెలా కరెంటుకి వేరేగా ఇస్తారే."

"మాస్టారికి టీవీ ఉందండి. మేమిద్దరం మనుషులం. రెండు బల్బులు, ఒక ఫ్యాను. మేమేం తింటామండీ, పిచికలంత."

ఆవిడ నా మొహం వంక చూసి, "ఏ ఊరు మీది?" అన్నారు. తెనాలి అన్నాను. "అదీ సంగతి" అని నవ్వి ఒప్పుకున్నారు.

ఈ ఘనకార్యం చెబితే మా ఆవిడ "పాపం పెద్దావిడ" అంది. బేరంలో పాపం అనే మాట ఉండదని ఆవిడకి వివరించాను. మా ఆవిడది బాపట్ల. అక్కడివాళ్ళు చదువుకున్నవాళ్ళు, వాళ్ళకి ఇలాంటివి నిదానంగా చెప్పాలి.

బాపట్ల నుంచి ఆవిడతో పాటు కాపరానికి వచ్చినవాటిలో ముఖ్యమైనది వాళ్ళమ్మ కుట్టుమిషను. మా వెనక గుమ్మంలో వేసుకుని పొద్దున పూట జాకెట్లు కుట్టేది. పాప పుట్టాక నడుం పట్టేసింది. మిషను తొక్కొద్దని తెనాలి డాక్టరు గట్టిగా చెప్పారు. మిషను మీద పాత దుప్పటి కప్పి, దాని మీద పాప బట్టలు పెట్టుకోవడం మొదలుపెట్టాం. ఆ ఏడాదంతా మా ఆవిడ పెద్దగా ఫిర్యాదు చేసింది లేదు. కాకపోతే ఎవరైనా జాకెట్టు గుడ్డ పట్టుకొస్తే, "కుట్టడం మానేశానండి" అని చెప్పి, ఆ గుడ్డ అంచు వేళ్ళతో ఒకసారి తడిమి తిరిగిచ్చేది. నేను చూడట్లేదనుకునేది.

నేను చూసి, తెనాలి వెళ్ళి మిషనుకి బిగించే కరెంటు మోటారు కొనుక్కొచ్చాను. కొట్టువాడితో మధ్యాహ్నం దాకా కూర్చుని చెప్పినదాంట్లో సగానికి కాస్త పైన తెగ్గొట్టాను. వాడు దణ్ణం పెట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే దాని వైరు మూరెడు. అంత పొట్టి వైరు ఎందుకిచ్చాడో అప్పుడర్థమైంది. మాకున్న ప్లగ్గు లోపలి గదిలో, కిటికీ లేని గోడకి. మిషను వెనక గుమ్మం వదిలి ఆ గోడ దగ్గరికి చేరింది.

అయితేనేం, మా ఆవిడ మోటారు పెడలు మీద బొటనవేలు ఆనించగానే సూది పరిగెత్తింది. పాపని ఒళ్ళో పెట్టుకుని నవ్వింది. నెల తిరక్కుండా చుట్టుపక్కల నగరం, నిజాంపట్నం లాంటి ఊళ్ళ నుంచి బస్సులో వచ్చేవాళ్ళు కూడా గుడ్డలు ఇచ్చిపోవడం మొదలుపెట్టారు.

అప్పుడొచ్చింది బిల్లు.

మామ్మగారు కబురంపితే వెళ్ళాను. బిల్లు కాగితం మంచం మీద పెట్టి, దాన్ని చూడకుండా నన్ను చూశారు.

"పిచికలన్నావు. ఏనుగుని తెచ్చి కట్టావేంటయ్యా?"

"నేను కట్టేస్తానండి, పెరిగినంతా..."

"ఎంతని లెక్క కడతావు? మూడు వాటాలు కలిసి వాడింది ఒకటే మీటరు. నీ మిషను తిన్నదెంతో అది విడిగా చెబుతుందా? రేపు మాస్టారు నేనెందుకు ఎక్కువివ్వాలంటే ఆయనకేం చెప్పను? ఆ మోటారు తీసెయ్. లేదంటే వేరే ఇల్లు చూసుకో. మనసులో పెట్టుకోకు."

అందులో తప్పేం లేదు. కరెంటు వాళ్ళ బేరం మాకు ఎప్పటికీ కొరుకుడు పడనిది. ఎక్కువ కొన్నవాడికి ధర తగ్గించడం కొట్టు ధర్మం; ఎక్కువ వాడినవాడికి యూనిట్టు ధర పెంచడం వాళ్ళ ధర్మం. మూడు వాటాలూ ఒకే మీటరు కింద ఉంటే, ముగ్గురి వాడకం కలిసి పెద్ద గిరాకీ లెక్కన పై ధరలోకి పోతుంది. ఆ భారం మోసేది కరెంటు కలిపి అద్దె ఒప్పుకున్న పెద్దావిడ. ఒప్పించింది నేను.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ చేతిలో ఉన్న జాకెట్టు పూర్తిచేసి, దారం తెంపి, "తీసేద్దాంలెండి, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది" అంది. అరిచినా బాగుండేది. పాత దుప్పటి ఎక్కడుందో వెతకడానికి లేచింది.

నేను మళ్ళీ వరండాకి వెళ్ళాను.

"మామ్మగారూ, వచ్చే రీడింగు దాకా ఆగండి. బిల్లు పాత చోటికి వస్తే మోటారు ఉంటుంది. రాకపోతే నేనే విప్పి తీసేస్తాను."

"ఎట్లా వస్తుంది?"

"మిగతా ఖర్చు తగ్గిద్దాం. ఇంట్లో వృథా ఎంత పోతోందో వెతుకుదాం."

"నా ఇంట్లో వృథానా?" అని ఆవిడ లేచి నిలబడ్డారు. బేరం కుదిరినట్టే. కొట్టు మనిషి భార్యని వృథా అన్న మాటంటే, అది లేదని నిరూపించేదాకా కూర్చోదు.

వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, మేమందరం ఒకే జాతి మనుషులమని. దీపాలవేళ అయితే చాలు, మామ్మగారి ముందు గదిలో, వంటింట్లో, వరండాలో, చివరికి మనిషి అడుగుపెట్టని సామాన్ల గదిలో కూడా లైట్లు వెలిగేవి. మా వాటాలోనూ అంతే. అదేంటంటే ఇద్దరం ఒకే మాట చెప్పాం: చీకటిగా ఉంటే కొట్టు కట్టేశారనుకుంటారు! ఆవిడ కొట్టు మూతబడి ఏళ్ళయింది. నా కొట్టు బజార్లో ఉంది. ఇంటికొచ్చి కొనేవాడు ఎవడూ లేడు. అయినా ఇద్దరం వీధికి సరుకు చూపిస్తున్నట్టు ఇల్లంతా వెలిగించి కూర్చునేవాళ్ళం.

మాస్టారి భార్య ఇది విని, "మీ ఇద్దరి మధ్యా ఇరుక్కుని మేం కరెంటు కడుతున్నామన్నమాట" అంది. మామ్మగారు వెంటనే, "నీ టీవీ ఎవరికి పాఠం చెబుతుందమ్మా, నువ్వు వంటింట్లో ఉండగా?" అన్నారు. ఆ రోజు నుంచి మధ్య వాటాలో టీవీ ఉత్త గదికి పాఠాలు చెప్పడం మానేసింది.

నీళ్ళ మోటారు సంగతీ అంతే. మేడమీది ట్యాంకు నిండిందని తెలియాలంటే పొర్లాలి. పొర్లిన నీళ్ళు గొట్టంలోంచి మల్లెపాదులో పడే చప్పుడు విని, తీరిగ్గా చెప్పులేసుకుని వెళ్ళి మామ్మగారు స్విచ్చి ఆపేవారు. "మల్లెలు బతకొద్దా?" అని వాదించారు. మల్లెలకి బక్కెట్టుతో నేను పోస్తానన్నాను. అన్నాక చూడండి, రోజూ పోయక తప్పలేదు.

ఇంత చేసినా మీటరులో చక్రం ఆవిడకి నచ్చినట్టు నెమ్మదించలేదు. మంచం మీద కూర్చుని దాని ఎర్రగీత ఎప్పుడొస్తుందా అని చూసేవారు. "తిరుగుతూనే ఉందయ్యా" అనేవారు, పెళ్ళివారి ఇంట్లో ఎవరో ఎక్కువ తింటున్నారన్నట్టు. వెనక నుంచి మిషను చప్పుడు వినిపిస్తుంటే ఆవిడ చూపు అటే పోయేది. చప్పుడు చేసేదే కరెంటు తింటుందని ఆవిడ నమ్మకం. నాకూ లోలోపల అదే భయం. రీడింగు దగ్గరపడుతోంది.

వేసవి కావడంతో పగటిపూట కరెంటు కోత ఉండేది. ఒక రోజు నేను భోజనానికి వచ్చేసరికి కరెంటు లేదు. మా ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుని జాకెట్లకి హుక్కులు కుడుతోంది. మామ్మగారు మంచం మీద నుంచి విసనకర్రతో పాపకి విసురుతున్నారు. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు.

"అమ్మాయ్, నల్లగుడ్డ మీద నల్లదారం ఎట్లా కనపడుతోందే నీకు?"

"ఇక్కడ వెలుతురు బాగుందండి. లోపలైతే బల్బు కింద పెట్టినా కళ్ళు లాగుతాయి."

"పగలు కూడా బల్బేనా?"

"పొద్దున్నుంచీ వేసే ఉంటుందండి. చీకటి గది కదా. గాలాడదని ఫ్యాను కూడా."

మామ్మగారు విసనకర్ర ఆపి నా వైపు తిరిగారు. "ఏం బల్బది?"

చెప్పక తప్పలేదు. వంద క్యాండిళ్ళది, అంటే వంద వాట్లది. డజను కొంటే చవగ్గా వస్తుందని తెనాలి నుంచి పెట్టె తెచ్చింది నేనే. చవక కదా అని ఇంట్లో ప్రతి హోల్డరుకీ అదే.

కరెంటు రాగానే ఆవిడ ఇల్లంతా ఆపించారు. మాస్టారి ఫ్యాను కూడా. నేను మీటరు ముందు, మా ఆవిడ మిషను దగ్గర, మధ్యలో మామ్మగారు గుమ్మంలో నిలబడి ఇటు మాట అటు అందిస్తున్నారు.

"తొక్కమ్మా!"

మిషను పాడింది. చక్రం కదిలింది. మా ఆవిడ కాలు తీసింది. చక్రం ఆగిపోయింది.

"మళ్ళీ తొక్కు! ఆపు! ఇప్పుడు బల్బెయ్."

బల్బు వెలగగానే చక్రం అంతే జోరుగా కదిలింది, కానీ ఆగలేదు. ఎర్రగీత వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఇస్త్రీపెట్టె పెట్టమంటే అది పెద్ద జాతరలా తిరిగింది. మా ఆవిడ ఒక్కో జాకెట్టు పూర్తికాగానే పెట్టె మళ్ళీ వేడిచేసి ఇస్త్రీ చేస్తోందట. అన్నీ అయ్యాక ఒకేసారి చేస్తే ఒక్కసారి కాగితే చాలు.

"ఓసి దీని దుంపతెగ! కాలు తీస్తే నోరు మూసుకునేది మిషను. నోరెత్తకుండా పొద్దస్తమానం తినేది బల్బు!" అన్నారు మామ్మగారు. అని ఊరుకోలేదు. "ఆ మిషను ఇట్లా పట్రండి" అన్నారు.

"వైరు పొట్టిదండి" అన్నాను.

"పొడుగు వైరు కొనలేవా? తెనాల్లో అమ్మరా?"

వరండాలో మీటరు కింద ఒక ప్లగ్గు ఉంది. దాని దగ్గరే ఉత్తరపు వెలుతురు. కానీ అక్కడ ఆవిడ మంచం. వాళ్ళాయన పోయినప్పటి నుంచీ ఆవిడ పగలంతా ఆ మంచం మీదే, వీధిలో వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ. ఆ మంచాన్ని ఒక పక్క ఆవిడే పట్టుకుని, "అటు పట్టవయ్యా, చూస్తావేంటి" అని గోడవారకి జరిపించారు. అక్కణ్ణుంచి వీధి సగమే కనపడుతుంది. ఆ సంగతి అడిగితే, "మిగతా సగం మీ ఆవిడ చూసి చెబుతుందిలే" అన్నారు. ఆ చోటుకి ధర కట్టడం నాకు చేతకాలేదు.

రీడింగు తీసే ఆయన వచ్చి బిల్లు చేతిలో పెట్టినప్పుడు నేను కొట్టులో ఉన్నాను. సాయంత్రం వచ్చి కాగితం చూశాను. చాలా దిగింది. కానీ పాత చోటికి ఇంకో మెట్టు మిగిలే ఉంది. మాట మాటే. కొట్టువాళ్ళకి ఆ మాటొక్కటే ఆస్తి. లోపలికెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చాను. మా ఆవిడ మిషను మీద నుంచి చెయ్యి తీసి పక్కకి జరిగింది.

"అదెందుకు?" అన్నారు మామ్మగారు.

"పాత చోటికి రాలేదు కదండీ."

"ఆ ఎక్కువ నాది."

"మీదేంటండీ?"

"వరండాలో ఫ్యాను. కుట్టుకునే ఈ పిల్లకి చెమట పోస్తుంటే నేనే వేయించాను. ఇంతకుముందు నేనొక్కదాన్నే ఉంటే ఎప్పుడు వేశాను? నా ఫ్యాను తిన్నదాన్ని నీ మోటారు ఖాతాలో రాస్తావా? ఏం తెనాలివాడివయ్యా, నీ లాభం కూడా నీకు తెలీదు! లోపల పెట్టు అది."

నేను నెగ్గిన బేరాలు చాలా ఉన్నాయి. అలా ఓడిపోయింది మాత్రం అదొక్కటే. ఇన్నేళ్ళ తరవాత కూడా ఒకరికి ఏదైనా ఇచ్చేటప్పుడు, వాళ్ళు తీసుకుంటున్నట్టు కాకుండా వాళ్ళదే వాళ్ళకిచ్చినట్టు ఎలా ఇవ్వాలో ఆవిడని తలుచుకునే నేర్చుకుంటున్నాను. ఇంకా సరిగ్గా రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వస్తుంటే వీధి మొదట్లోకే మిషను చప్పుడు వినిపించింది. నగరం నుంచి వచ్చిన ఒకావిడ వరండా మెట్టు మీద కూర్చుని, జాకెట్టు కూలి కాస్త తగ్గించమంటోంది. మా ఆవిడ మొహమాటంతో నవ్వుతోంది, ఇంకో క్షణంలో సరేననేలా ఉంది.

గోడవార మంచం మీద నుంచి మామ్మగారు అన్నారు: "తగ్గదమ్మా. నడుం నొప్పితో కుట్టే పిల్ల. పనితనం చూసి ఇవ్వు."

నేను చెప్పులు చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా పక్క సందులోంచి వెనక వాటాలోకి వెళ్ళిపోయాను.